మూత్రం రంగు చెప్పే సంగతులు

ఎండలో పనిచేసి ఇంటికొచ్చాక మూత్రం ముదురు పసుపుగా, కాస్త మంటగా వస్తే ‘వేడి చేసింది’ అంటాం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు ఉన్న నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే ఆ చిక్కదనం. మజ్జిగో, మంచినీళ్లో తాగితే కొన్ని గంటల్లో లేతబడాలి. మంట తగ్గకపోయినా, జ్వరం వచ్చినా ఇన్ఫెక్షన్ కావచ్చు.

బీకాంప్లెక్స్ మాత్రతో మెరిసే పసుపు, బీట్‌రూట్‌తో గులాబీ రంగు రావచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్‌తో నారింజ ఎరుపు మామూలే. ఆ రంగు చూసి భయపడి మందు మాత్రం మానకండి.

డికాక్షన్ రంగులో వస్తూ కళ్లు పచ్చబడితే కామెర్లేమో చూడాలి. పసరు మందుల కోసం తిరగకుండా లివర్ పరీక్ష చేయించుకోండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నొప్పి లేకుండా పడే రక్తం. ఒకసారి ఎర్రగా వచ్చి, మర్నాడు మామూలుగా ఉంటే చాలామంది ఊరుకుంటారు. మూత్రాశయ క్యాన్సర్ తొలి లక్షణం అదే కావచ్చు, ముఖ్యంగా పొగతాగేవారిలో. ఆ ఒక్కసారికే డాక్టరుకు చూపించండి.

రంగు బాగున్నంత మాత్రాన కిడ్నీలు బాగున్నట్టు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో కుటుంబాలను కుంగదీసిన కిడ్నీ జబ్బు మొదట్లో పైకి కనబడదు. షుగర్, బీపీ ఉన్నవారు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి.