కాలినడకన కిష్కింధకు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయింది. పచ్చడి తిన్నాము. వంటశాల వైపునుండి పులిహోర తాలింపు వాసన వస్తున్నది. ఇటువంటి వేళ ప్రసంగానికి లేవటం సాహసమే. పైగా మేము పండితులము కాము. పదవ తరగతి గట్టెక్కి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవాళ్ళము. సరుకు రసీదులమీద ఊళ్ళ పేర్లు వ్రాయటమే గాని ఆ ఊళ్ళు చూచే యోగం మాకు తక్కువ. గడచిన సంక్రాంతికి ఐదు రోజులు తిరిగి చూచివచ్చిన సంగతులు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపిస్తే కాదనలేక నిలబడ్డాము.

ఈ ఆలోచన పుట్టింది కొరియా దేశం మూలంగా. మా మిత్రులొకరి మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తూ సెలవులో వచ్చి ఫొటోలు చూపించాడు. ఆ దేశంలో తీరిక దొరికితే ముసలీ ముతకా కూడా మూట వీపున తగిలించుకొని కొండలెక్కుతారట. 2002లో అక్కడ ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు వచ్చిన అతిథులకు బౌద్ధాలయాలలో బస ఇచ్చారు. ఆ అలవాటు నేటికీ సాగుతున్నది. హాహ్వే, యాంగ్‌డాంగ్ అనే రెండు పాత పల్లెలను 2010లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. జేజు అనే ద్వీపంలో పుట్టిన సో మ్యంగ్‌సుక్ అనే పత్రికా రచయిత్రి స్పెయిన్ దేశపు యాత్రా మార్గం నడిచి వచ్చి, 2007 నుండి తన ద్వీపం చుట్టూ కాలిదారులు గుర్తుపెట్టించింది. వాటికి ‘ఓల్లె’ అని పేరు. వీధిలోనుండి ఇంటి గుమ్మం దాకా పోయే సందును ఆ ద్వీపంవారు అట్లా అంటారు.

ఇదంతా విని నోరు తెరిచి కూర్చుంటే మాలో ఒకరు, “ఏమయ్యా, తుంగభద్ర ఒడ్డున కొండలు లేవా, గుళ్ళు లేవా, పాత ఊళ్ళు లేవా?” అన్నారు. లేకేమి? మనమూ చూచినవాళ్ళమే. కారులో పోయి, కొబ్బరికాయ కొట్టి, చీకటి పడకముందే తిరిగి వచ్చినవాళ్ళము.

మన సంగతి ఒక్కసారి ఆలోచించండి. 1953లో తుంగభద్ర ఆనకట్ట సిద్ధమై ఎడమ కాలువకు నీరు వచ్చిన తరువాత గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుండి మన తాతలు ఇక్కడికి తరలివచ్చారు. ముళ్ళకంపలు కొట్టి మళ్ళు కట్టారు. నిలిచినచోటికి ‘క్యాంపు’ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం. మనకు ఎకరం ధర తెలుసు, తూము నంబరు తెలుసు. పండుగ వస్తే మాత్రం బస్సెక్కుతాము. పిల్లవాణ్ణి “మీ ఊరేదిరా” అంటే తాతగారి ఊరి పేరు చెబుతాడు. ఆ ఊళ్ళో వాడికి చెరువుగట్టు దారి తెలియదు. పుట్టి పెరిగిన ఊరి పేరు చెప్పటానికేమో సందేహిస్తాడు. రెండు ఊళ్ళున్నా ఏదీ వాడిది కాకుండా పోతున్నది. ఇది మాకు మనసులో గుచ్చుకొని, ఈసారి సంక్రాంతికి స్వస్థలాలకు పోము, ఇక్కడే నడుస్తామని నిశ్చయించుకున్నాము. మా అమ్మగారు, “పండక్కి ఇంటికి పోకుండా కొండలు పట్టుకు తిరగటానికి మీరేమన్నా పాండవులట్రా?” అని దీవించి పంపారు.

పదకొండుగురం బయలుదేరాము. రైల్వేవాళ్ళం నలుగురం, సింధనూరు క్యాంపుల రైతు దంపతులు రెండు జంటలు, పిల్లలు ముగ్గురు.

మొదటి మజిలీ రాయచూరు కోటే. మనలో ఎంతమంది రోజూ ఆ గోడ ప్రక్కనుండి బస్టాండుకు పోవటం లేదు! ఆ పడమటి గోడలో నలభై అడుగులకు మించిన పొడవున్న ఒకే ఒక రాతిపలక ఉన్నది. దానిమీద శాసనం తెలుగులో ఉన్నది. శకము 1216, అనగా క్రీస్తు శకం 1294లో, కాకతీయ ప్రతాపరుద్రుని ఏలుబడిలో, గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదోని, మాన్వి మొదలైన కోటలు పట్టుకొని వచ్చి ఈ గోడ కట్టించాడు. అంత రాయిని బండిమీద వేసి, బారులు తీర్చిన దున్నలచేత లాగించిన విధం కూడా ప్రక్కనే గీతలుగా చెక్కారు. గన్నారెడ్డి పేరు వినగానే పిల్లలకు 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా జ్ఞాపకం వచ్చింది. “అల్లు అర్జున్ ఇక్కడిదాకా వచ్చాడా?” అని ఒకడు. వాడి తండ్రి అప్పటికే ఆ రాయిమీద చేయి వేసి, ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూ నిలబడిపోయాడు. బియ్యపు బస్తాల లెక్క తప్ప మరొకటి చదవని మనిషి.

ఆ శాసనం చూచి మనమే ముందు వచ్చామని విర్రవీగనక్కరలేదు. కాకతీయుల తరువాత బహమనీలు, విజయనగరంవారు, బిజాపూరువారు ఈ కోటకోసం కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు ఇక్కడ గెలిచారు. 1871లో బొంబాయి వైపునుండి వచ్చిన రైలు, మద్రాసు వైపునుండి వచ్చిన రైలు కలుసుకున్నది ఈ రాయచూరులోనే. 1956 దాకా అలంపురం, గద్వాల తాలూకాలు ఈ జిల్లాలోనివే. ఇక్కడ కన్నడము, తెలుగు, ఉర్దూ ఒకే బావి నీళ్ళు త్రాగాయి.

ఆ మధ్యాహ్నమే బస్సులో మస్కి చేరాము. అక్కడి కొండ చరియలో, గుండుమీద అశోకుని శాసనం ఉన్నది. 1915లో బంగారపు గనుల ఇంజనీరు బీడన్ అనే ఆయన దానిని కనుగొన్నాడు. అంతకుముందు దొరికిన ధర్మశాసనాలలో ‘దేవానాంప్రియుడు’, ‘ప్రియదర్శి’ అనే బిరుదులే గాని అశోకుడన్న పేరు లేదు. ఆ దేవానాంప్రియుడు అశోకుడేనని రాతిమీద చూపించినది మస్కి. పాఠ్యపుస్తకాల్లో దేశమంతా చదివే ముక్క మన వరిచేల అంచున ఉన్నది. ఈ కొండను రోజూ చూచే మా రైతు మిత్రుడు, “గొర్రెలు మేపుకునే గుట్ట అనుకున్నానండీ ఇన్నాళ్ళూ” అన్నాడు.

మర్నాడు సింధనూరులో రైలెక్కి గంగావతిలో దిగాము. 2024లో సింధనూరుకు రైలు వచ్చిందని మీకు తెలుసు. గుమాస్తాలము గనుక రైలును పొగడకుండా ఉండలేము, మన్నించండి. కొప్పళ జిల్లా 1997లో మన జిల్లానుండి విడిపోయింది కాబట్టి, ఇక్కడినుండి మా నడక పొరుగు జిల్లాలో జరిగినట్లే లెక్క. కాళ్ళకు మాత్రం ఆ తేడా తెలియలేదు.

గంగావతినుండి పది కిలోమీటర్లు నడిచి హిరేబెణకల్ చేరి, ఊరి గుడి మండపంలో పడుకున్నాము. తెల్లవారుజామున కొండెక్కాము. దారి అంటే దారి కాదు. గుండ్ల మధ్య సందులు, ముళ్ళపొదలు. పైకి చేరేసరికి ఎండ వచ్చింది. ఎదురుగా రాతి ఇళ్ళు! నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఒక పలక కప్పి, ఒక పలకకు గుండ్రని కంత పెట్టినవి. ఒకటి కాదు, పది కాదు, వందల సంఖ్యలో ఉన్నవి. ఇనుము వాడుక మొదలైన కాలపు సమాధులవి. రెండువేల ఏళ్ళకు తక్కువవి కావు. ఇక్కడివారు దీనిని మోరేర గుడ్డ అంటారు. మోరేరు అనే పొట్టి మనుషులు కట్టుకున్న ఇళ్ళని చెప్పుకుంటారు. మన పల్నాటి వైపు ఇటువంటివాటినే రాక్షసగుళ్ళు అంటారు గదా! ఒకచోట పొట్టివాళ్ళు, ఒకచోట రాక్షసులు. మెడోస్ టైలర్ దొర 1835లోనే వీటినిగురించి వ్రాశాడు. 2021లో యునెస్కోవారి పరిశీలన జాబితాలో కూడా చేరింది. అయినా మేమున్న మూడు గంటలలో మేకలు కాచే ఒక తాత తప్ప మరొక మనిషి కనబడలేదు. ఆ తాతే మమ్మల్ని ఎత్తయిన గుండుమీద ఉన్న నగారా వంటి రాయి దగ్గరకు తీసుకుపోయి కట్టెతో కొట్టి చూపాడు. నిజంగా నగారాలాగే మ్రోగింది. పిల్లలు వంతులు వేసుకొని కొట్టారు. కొన్ని సమాధుల పలకలు పగిలి పడి ఉన్నాయి. నిధులున్నాయని త్రవ్వినవాళ్ళ పని అని తాత చెప్పాడు. వేల ఏళ్ళు గాలికి, వానకు ఓర్చినది గడ్డపారకు ఓర్వలేకపోయింది.

అక్కడినుండి ఆనెగుంది పెద్ద నడక. పొద్దు గుంకేసరికి చేరాము. ఒక ప్రక్క వరి, అరటి, కొబ్బరి. ఒక ప్రక్క ఎవరో చేత్తో పేర్చిపెట్టినట్టు గుండ్లు. కారులో పోతే పావుగంటలో దాటిపోయే చోట పూటంతా నడిస్తేనే, ఈ పచ్చదనానికి విజయనగర కాలపు కాలువలు కూడా కారణమని తెలిసింది. ఇవి ఇంకా పారుతున్నాయి. నీళ్ళు తెచ్చే విద్య మన తాతలతో ఇక్కడికి రాలేదు సుమండీ.

ఆనెగుంది ఒకప్పుడు రాజధాని. ఇప్పుడు చిన్న ఊరు. ఊరి నడుమ గగన మహలు, రంగనాథుని గుడి, మట్టిమిద్దెల ఇళ్ళు, ముందు అరుగులు. ఆడవారు అరటినారతో బుట్టలు అల్లుతున్నారు. ఒక ట్రస్టువారు 1997 నుండి ఈ పని నేర్పించి అమ్మకానికి తోడ్పడుతున్నారు.

మర్నాడు సంక్రాంతి. ఏటికి పోయేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉన్నది. ఈ ప్రాంతపు ఆచారం మనకు తెలిసినదే: నువ్వులు నలుగుపెట్టుకొని ఏట్లో మునిగి, తెచ్చుకున్న బువ్వ ఒడ్డునే తింటారు. నువ్వులద్దిన సజ్జరొట్టెలు, గుత్తివంకాయ, వేరుశనగ హోళిగెలు. తెలిసినదే గాని డెబ్బై ఏళ్ళలో మనము ఎప్పుడూ ఆ పూట ఇక్కడ లేము. ఒక అవ్వ మా పిల్లలను పిలిచి, “యావ ఊరు?” అని అడిగింది. “సింధనూరు” అన్నాడు పెద్దవాడు. మా భాష విన్నది గనుక ఆమె ఊరుకోలేదు. “అల్లప్పా, స్వంత ఊరు?” అన్నది. వాడు మా ముఖాలు చూచాడు. మేమెవరమూ మాట అందించలేదు. “సింధనూరే అజ్జీ, అల్లే హుట్టిద్దు” అన్నాడు, అక్కడే పుట్టానని. అవ్వకు అందులో వింతేమీ కనబడలేదు. “బా, కుందరు, ఉణ్ణు” అని వాడి చేతిలో రొట్టె పెట్టింది. మా వదినగారు మూట విప్పి అరిసెలు తీశారు. అవ్వ ఒకటి కొరికి, బెల్లం పాకం ఎట్లా పట్టాలో అడిగింది. అరగంటలో ఆడవారికి భాష అడ్డం రావటం మానేసింది.

ఆ పూట హరిగోలెక్కి నవబృందావనం చూచాము. చూడండి, హరిగోలు అన్న మాట వారికీ మనకూ ఒకటే. నదిలో దిబ్బమీద తొమ్మిదిమంది మధ్వ యతుల బృందావనాలు. 2019లో వ్యాసరాయల బృందావనాన్ని దొంగలు నిధికోసం పడగొడితే భక్తులు వెంటనే తిరిగి నిలబెట్టారు. తరువాత పంపా సరోవరం మీదుగా అంజనాద్రి. ఐదువందల డెబ్బై పైచిలుకు మెట్లు. పైనుండి తుంగభద్ర, ఆవలి ఒడ్డున హంపి విఠలాలయం వైపు గుండ్లు. హనుమంతుడు పుట్టినది ఇక్కడేనని వీరు. తిరుమలలోని అంజనాద్రిమీదనేనని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు. తెలుగువాళ్ళమై, ఇక్కడివాళ్ళమై ఏ ప్రక్క నిలబడాలో మాకు తోచలేదు. “సముద్రం దాటినవాడికి తిరుపతి ఎంతదూరం?” అని పిల్లవాడొకడు తీర్పు చెప్పాడు.

సాణాపురంలో రాత్రి గడిపి, ఐదవ రోజున హులిగి హులిగెమ్మ తల్లిని దర్శించి, మునీరాబాదులో ఆనకట్ట చూచాము. 2024 ఆగస్టు 10 రాత్రి పందొమ్మిదవ గేటు కొట్టుకుపోయినప్పుడు మన క్యాంపులలో ఎవరికీ నిద్రలేదు. మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి సలహాతో, పారే నీటిలోనే ఇనుప పలకలు దించి వారం రోజుల్లో అడ్డుకట్ట వేశారు. అది చెప్పుకొని గర్వపడుతుండగా మా రైతు మిత్రుడు కాలువ వైపు చూస్తూ ఒక మాట అన్నాడు. “ఈ కాలువ రెండువందల ఇరవై కిలోమీటర్లకు పైగా పోతుంది. ఎక్కువ భాగం జొన్న, ప్రత్తివంటి ఆరుతడి పైర్లకని లెక్క వేశారు. మనం వరి పెట్టాము. చివర మాన్వి, రాయచూరు తాలూకాలవాళ్ళు మట్టికాలువ చూచుకుంటూ కూర్చుంటారు. మొదలు చూస్తే గాని చివర జ్ఞాపకం రాలేదు.” ఎవరూ బదులు చెప్పలేదు. వచ్చే పంటకు నాలుగెకరాలు జొన్నకు వదులుతానన్నాడు. ఇంటావిడ, “ఆ మాట ఊళ్ళోకి పోయాక కూడా అనండి” అన్నది. అన్నాడో లేదో ఆయన ఈ సభలోనే ఉన్నారు, మీరే అడగండి.

ఖర్చు సంగతి కొందరు అడిగారు. బస్సు, రైలు, హరిగోలు, భోజనాలు కలిపినా, పండుగకు స్వస్థలం పోయిరావటానికయ్యే దానిలో సగం కాలేదు. ఎవరికీ జబ్బు చేయలేదు. కొత్త చెప్పులు తొడిగినవాళ్ళకు మాత్రం బొబ్బలెక్కాయి.

ఈ ఏడు కార్తీకం వెళ్ళాక, కృష్ణలో వరద తీసిన తరువాత, కురువపురం పోదలచాము. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన లంక అది. మన జిల్లాలోనే ఉన్నది. రాయచూరునుండి నడక, ఏరు దాటటానికి పుట్టి. రాదలచినవారు దసరాలోగా కార్యదర్శిగారివద్ద పేర్లు వ్రాయించండి. పాత చెప్పులు, దుప్పటి, చెంబు ఎవరివి వారు తెచ్చుకోవాలి. ఈసారి పదిమంది పిల్లలకు చోటున్నది.