ట్యూబా మౌత్‌పీస్ కుదురు
(సంఘ బ్యాండు సహోదరుల కూడికలో చేసిన ప్రసంగము)



శతవార్షిక ఊరేగింపునకు మన బ్యాండు సిద్ధమగుచున్న ఈ దినములలో ట్యూబాను గూర్చి రెండు మాటలు వినబడుచున్నవి. వాద్యము పాతబడినది, క్రొత్తది కొనవలెనని కొందరు. వాయించు అబ్బాయికి ఊపిరి చాలదని మరి కొందరు. ఏది నిజమో తేల్చుటకు ముందు, పైసా ఖర్చు లేకుండ చూడదగిన చోటొకటి ఉన్నది. అది మౌత్‌పీస్ కాడ వాద్యములోనికి దిగు గూడు. దానినే రిసీవర్ అందురు.

ట్యూబా అంత ప్రాచీనమైనది కాదు. 1835లో బెర్లిన్ నగరమున వీప్రెష్ట్, మోరిట్స్ అనువారు దీనికి పేటెంటు పొందిరి. (బైబిలులో ట్యూబా ఉన్నదా అని సండే స్కూలు పిల్లలు అడుగుదురు. సంఖ్యాకాండము 10వ అధ్యాయములోని వెండి బూరలు వేరు; వాటికి వాల్వులు లేవు.) 1878లో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో చార్లెస్ ఫ్రై, ఆయన ముగ్గురు కుమారులు కలిసి సాల్వేషన్ ఆర్మీ సువార్త కూటములలో ఇత్తడి వాద్యములు మ్రోగించిరి. ఆ విధముగా ఇవి మన ఆరాధనలకు దగ్గరయ్యెను.

బి ఫ్లాట్ ట్యూబా గొట్టమును చాపి కొలిచినచో సుమారు 18 అడుగులు. అందులో కాడ దిగునది ఇంచుమించు ఒక అంగుళమే. అయినను గొడ్డలికి కామ వదులైనచో ఇనుము ఎంత మంచిదైనను దెబ్బ సూటిగా పడదు గదా!

కాడ చివరకు పోనుపోను సన్నబడును. గూడు లోపల కూడ అదే వాలు ఉండవలెను. అప్పుడే చుట్టును సమముగా ఒరసి, గాలి బయటకు పోకుండ పట్టుకొనును. అన్ని దేశముల కొలత ఒకటి కాదు. అమెరికా వారి కాడకంటె యూరపు వారిది కొద్దిగా లావు. పాత బ్రిటిష్ వాద్యములకు సన్న కాడలుండెడివి. విరాళముగా వచ్చిన వాద్యమునకు ఎక్కడనో దొరికిన మౌత్‌పీస్ తగిలించినచో చిక్కు ఇక్కడనే పుట్టును.

కాడ మరీ సన్నమైనచో లోతుగా దిగి, లోపలి గొట్టపు అంచునకు తగిలి ఆగును; ప్రక్కలు పట్టవు, మౌత్‌పీస్ ఊగును. లావైనచో పైననే నిలిచి, కాడ చివరకును లోపలి గొట్టమునకును మధ్య సందు పెరుగును. ఆ సందు ఎంత ఉండవలెనను విషయమై వాయించువారిలోనే ఏకాభిప్రాయము లేదు. శ్రుతి కొద్దిగా తగ్గినచో ట్యూనింగ్ స్లయిడుతో సరిచేయవచ్చును. స్వరము వెంటనే పలుకకుండుట, పై స్వరములు నిలువకుండుట స్లయిడుతో తీరునవి కావు. ఊగుటయు, గాలి కారుటయు మాత్రము నిస్సందేహముగా దోషములే.

పరీక్ష ఇట్లు చేయుడి. కాడ పొడవునా మెత్తని పెన్సిలుతో నాలుగు గీతలు గీసి, గూటిలో పెట్టి, మెల్లగా త్రిప్పి తీయుడి. గీతలు అంతటను చెరిగినచో కుదురు మంచిది. ఒక్క కొననే చెరిగినచో వాలు కలియలేదు. మరొకటి: కాడకు పలుచని కాగితము ఒక్క చుట్టు చుట్టి వాయించి చూడుడి. చాల కాడలలో వాలు సుమారు 20కి 1 గనుక, 0.1 మిల్లీమీటరు కాగితము కాడను 4 మిల్లీమీటర్లు పైకి నిలుపును. అంతలోనే పలుకు మారినచో, దోషము అబ్బాయి ఊపిరిలో లేదు. కాగితము పరీక్షకే, ఉమ్మి తగిలి నానును, ఊరేగింపుకు పనికిరాదు.

ఆకురాయితో కాడను అరగదీయవద్దు. వెండి పూత పోవును, వాలు చెడును. సన్న కాడకు తొడుగులు దొరకును. లావు కాడను, లోహము చాలినచో, నేర్పరి లేతు మిషనుపై సరిచేయగలడు. అరచేతితో కొట్టి బిగించు అలవాటు మాత్రము ఈ రోజే మానుడి. బిగుసుకొనిన దానిని పట్టకారుతో లాగినచో ముందటి గొట్టము మెలిపడును. దానికి ప్రత్యేకముగా పుల్లర్ అను సాధనము ఉన్నది.

వచ్చు శనివారపు సాధనకు మరి రెండు మౌత్‌పీసులు ఎరువు తెచ్చి ఈ పరీక్షలు చేయుదము. కమిటీవారు కొనుగోలు తీర్మానమును అంతవరకు ఆపవలెనని, ఆ అబ్బాయిని గూర్చి ఎవరును తక్కువగా మాటలాడవద్దని మనవి చేయుచున్నాను.