కాలినడక త్రోవలో ఆగవలసిన చోట్లు



మన రేణిగుంట జంక్షన్‌లో రైలు దిగిన యాత్రికుడు కొండకు ఎంతసేపు పట్టునని అడుగుతాడు. త్రోవలో ఏమున్నదని అడిగేవారు అరుదు. నడిచి ఎక్కేవారు సైతం నేడు మెట్లు లెక్కించుకొంటున్నారు. అలిపిరి నుండి 3,550, శ్రీవారి మెట్టు నుండి 2,388. లెక్కించుట దోషం కాదు. కాని ఆ మెట్ల కథ చెప్పే పెద్ద వెంట లేకుంటే అవి వట్టి రాళ్లే.

జపాన్ దేశంలో షికోకు అనే ద్వీపమున్నది. అక్కడ 88 ఆలయాలను, సుమారు 1,200 కిలోమీటర్లు, కాలినడకన చుట్టివస్తారు. క్రీ.శ. 774లో జన్మించిన కూకై అనే ఆచార్యుని పేర సాగే యాత్ర అది. యాత్రికుని చేతికర్ర ఆ ఆచార్యుని స్వరూపమేనట! ఒంటరిగా నడిచేవాడు కూడ తామిద్దరమని భావిస్తాడు. ఆయన స్థాపించిన షింగోన్ సంప్రదాయంలో అగ్నికార్యానికి పేరు 'గోమ'. మన హోమమే సుమా! అక్కడి ప్రాచీనాలయాలను, సమురాయి వీరుల కోటలను మార్గదర్శకులు వెంట నడచి చూపుతారు. పరదేశీయులు రుసుము చెల్లించి వింటారు.

మనకు చంద్రగిరి కోట లేదా? సాళువ నరసింహరాయలు ఏలిన కోట అది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు పర్యాయాలు స్వామిని సేవించుకొన్నారు. ఖడ్గం పట్టిన ఆ చేతులు అంజలి ఘటించి, తిరుమలదేవి, చిన్నాదేవి సమేతంగా, మహాద్వారం దాటగానే విగ్రహరూపంలో నిలిచి ఉన్నవి. వరుసలో త్రోపులాట నడుమ ఎందరు తల త్రిప్పి చూస్తున్నారు?

అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతమున్నది. ఈ కొండ సాలగ్రామమయమని, పాదం మోపరాదని, భగవద్రామానుజులు అక్కడ మోకాళ్లతో ఎక్కినారని సంప్రదాయం. బాలుడైన అన్నమయ్య చెప్పులతో ఎక్కబోయి అక్కడే సొమ్మసిల్లెను. అలమేలుమంగమ్మ సాక్షాత్కరించి, 'చెప్పులు విడిచి చూడు నాయనా' అన్నదట! విడిచినంతనే కొండ కనబడినది. ఆ తల్లిపై ఆశువుగా శతకం చెప్పెను. ఆ చోట క్షణమైనా కూర్చుండక గబగబ దాటిపోయే యువకులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వారిని తప్పుపట్టను. చెప్పవలసిన తాతలు బస్సులో వెళ్లిరి కదా!

మోకాళ్లు సహకరించే పెద్దలు ఈసారి మనుమలను వెంటబెట్టుకొని బయలుదేరండి. ముందు చంద్రగిరిలో రాజమహలు చూపండి. పిదప శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుని దర్శించి, శ్రీవారి మెట్టు చేరండి. ఆయాసం వచ్చినచోటనే ఆగి, ఒక కథ చెప్పండి.