ప్రభుత్వం అచ్చువేసినది ప్రజల చేతికి అందాలి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగపాఠం)



గ్రంథాలయ వారోత్సవాలలో మనం సాధారణంగా కథలు, నవలలు, పోటీపరీక్షల పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను ఎవరూ ఇష్టపడి చదవని పుస్తకాల గురించి మాట్లాడదలచాను. గెజెట్లు, చట్టాల ప్రతులు, జీవోలు, జనాభా లెక్కల సంపుటాలు, విచారణ సంఘాల నివేదికలు. వీటికి అందమైన అట్ట ఉండదు. రచయిత పేరు ఉండదు. అయితే మన ఇంటి హద్దు, మన పిల్లవాడి సీటు, మన పెద్దల సమాధి స్థలం వీటిలోని ఒక్క పంక్తిపై ఆధారపడి ఉంటాయి.

కొన్నేళ్ల క్రితం ఒక గ్రామం నుంచి ఇద్దరు పెద్దమనుషులు నా వద్దకు వచ్చారు. వారి ఖబరస్తాన్‌లో కొంత భాగానికి ఎవరో కంచె వేశారు. "మా తాతముత్తాతలు అక్కడే మట్టిలో కలిసిపోయారండీ, ఇంతకంటే రుజువేం కావాలి?" అని వారి ప్రశ్న. రుజువు కావాలి. గెజెట్‌లో ఆ స్థలం నమోదై ఉందా, ఏ తేదీ గెజెట్, ఏ పేజీ, ఏ సర్వే నంబరు అని ప్రతి బల్ల దగ్గరా అడిగారు. ఒక కార్యాలయం మరొక కార్యాలయానికి పంపింది. ఆ కార్యాలయం మళ్ళీ మొదటి కార్యాలయానికే పంపింది. చివరకు ఒక గ్రంథాలయంలో, పాత వార్తాపత్రికల కట్టల వెనుక, చెదలు తినగా మిగిలిన గెజెట్ సంపుటం ఒకటి దొరికింది. అందులో వారి ఊరి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం రెండు పంక్తులలో ఉన్నాయి. ఆ తేదీ, ఆ పేజీ నంబరు చేత పట్టుకొని వెళ్ళిన తరువాతనే ధ్రువీకృత నకలు కోసం వారి దరఖాస్తును తీసుకున్నారు. వివాదం ఇంకా తేలలేదు. అయినా ఆ రెండు పంక్తులు దొరకక ముందు వారి మాట వినేవారే లేరు.

ఆ సంపుటం అక్కడ మిగిలి ఉండడం కేవలం అదృష్టం. పౌరుని హక్కు అదృష్టంపై ఆధారపడకూడదని చెప్పడానికే నేను మీ ముందు నిలబడ్డాను.

'చట్టం తెలియదు' అనే సమాధానాన్ని న్యాయస్థానం అంగీకరించదని మనకు తెలుసు. అయితే ఈ సూత్రానికి రెండవ వైపు కూడా ఉన్నది. పూర్వపు జయపూర్ సంస్థానంలో నల్లమందుపై ఒక చట్టం చేశారు. మంత్రిమండలి తీర్మానం చేసింది గాని దానిని ఎక్కడా ప్రకటించలేదు. ఆ చట్టం కింద హర్లా అనే వ్యక్తికి 50 రూపాయల జరిమానా పడింది. అతడు సుప్రీంకోర్టు వరకు వెళ్ళాడు. ప్రజలకు తెలిసే విధంగా ప్రకటించని చట్టంతో వారిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఆ శిక్షను రద్దు చేసింది. చట్టం తెలుసుకొనే బాధ్యత పౌరునిదైతే, తెలుసుకొనే వీలు కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. మన గ్రామాల్లో ఆ వీలు ఏ మేరకు ఉన్నది?

వక్ఫ్ ఆస్తుల విషయమే చూడండి. 1954 నాటి చట్టం కింద, తరువాత 1995 నాటి చట్టం కింద సర్వేలు జరిపి, ఆస్తుల జాబితాలను గెజెట్‌లో ప్రచురించే పద్ధతి ఏర్పడింది. జాబితాలోని నమోదుపై వివాదం ఉంటే దావా వేయడానికి 1995 చట్టం 6వ సెక్షన్‌లో మొదట పెట్టిన గడువు, జాబితా ప్రచురితమైన నాటి నుంచి ఒక్క సంవత్సరం. గెజెట్ రాజధానిలో అచ్చయిన నాడే గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ జాబితా ఊరికి చేరిందా లేదా అన్నది గడియారానికి పట్టదు. దీనివల్ల ముతవల్లీ ఒక్కడే నష్టపోడు. తన భూమి పొరపాటున జాబితాలోకి ఎక్కిందని భావించే పొరుగు రైతు కూడా నష్టపోతాడు. జాబితా అందరి కళ్ళ ముందు ఉంటే తప్పులు తొలినాళ్ళలోనే దిద్దుబాటవుతాయి, ఇరుగుపొరుగుల మధ్య అనుమానాలు పెరగవు. 2025 సవరణ చట్టం వక్ఫ్ వ్యవస్థలో అనేక నిబంధనలను మార్చింది. అంతకుముందే రిజిస్టరైన వక్ఫుల వివరాలను ఆరు నెలలలోగా కేంద్ర పోర్టల్‌లో నమోదు చేయాలన్నది. ఆ నిబంధన వచ్చిన తరువాత పాత గెజెట్ ప్రతుల కోసం తిరిగినవారు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు.

రెండవ ఉదాహరణ రిజర్వేషన్లు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 26వ నంబరు చట్టం, ముస్లింలలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆ చట్టం చివర ఉన్న షెడ్యూలును మనలో ఎంతమంది చదివారు? అత్తరు సాయిబులు, హజ్జాములు, ఖురేషీలు, ఫకీర్లు అంటూ అందులో పేర్లు ఉన్నాయి. ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క ప్రాంతంలో వాడే మారుపేర్లు కూడా ఉన్నాయి. తురక చాకలి అన్నా, ముస్లిం రజక అన్నా ఒకే వర్గమని ఆ షెడ్యూలే చెబుతుంది. ఏయే వర్గాలకు ఈ సౌకర్యం వర్తించదో కూడా అదే చెబుతుంది. ధ్రువపత్రం కోసం వెళ్ళిన తల్లితో "మీ పేరు జాబితాలో లేదమ్మా" అని ఎవరైనా అంటే, ఆమె షెడ్యూలు ప్రతిని తెరిచి "ఇదిగో ఉన్నది నాయనా" అని చూపగలగాలి. ఆ ప్రతి మండల గ్రంథాలయంలో ఉంటే ఆమెకు దళారీతో పని ఉండదు.

మూడవది నివేదికల సంగతి. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో ప్రధానమంత్రికి అందింది, అదే నెలలో పార్లమెంటు ముందుకు వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమేనని, అది దేశ సగటు కంటే తక్కువని అంకెలతో చెప్పింది. దానికి భిన్నంగా, జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక 2009 డిసెంబరు వరకు పార్లమెంటు ముందుకు రాలేదు. తెలంగాణలో ముస్లింల స్థితిగతులపై ఏర్పాటైన జి. సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. ఈ మూడింటి పేర్లు మన ప్రతి సభలోనూ వినిపిస్తాయి. వాటి ప్రతిని చేతిలోకి తీసుకొని చూసినవారు ఎందరు? చదవని నివేదికను పొగిడినా తెగిడినా ప్రయోజనం లేదు. నివేదిక మన వద్ద లేనప్పుడు, దానిలో ఏమున్నదో ఎదుటివాడు చెప్పినదే నమ్మవలసి వస్తుంది.

"ఇప్పుడన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి గదా, గ్రంథాలయం ఎందుకు?" అని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కేంద్ర ప్రభుత్వం 2015 అక్టోబరు నుంచి గెజెట్‌ను కాగితంపై అచ్చువేయడం మానుకొని ఎలక్ట్రానిక్ రూపంలోనే ప్రచురిస్తున్నది. దానివల్ల మేలు జరిగింది, కాదనను. అయితే తెర మీద ఉన్నది తెర మీద నుంచి తొలగిపోగలదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో ఉంచే పద్ధతిని నిలిపివేశారు, 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. జీవోలను నెలనెలా గ్రంథాలయాలకు పంపే ఏర్పాటు ఉండి ఉంటే, ఆ మధ్యకాలంలోనూ పౌరునికి ఒక తలుపు తెరిచి ఉండేది. అదీగాక ఏ తేదీ, ఏ నంబరు అని తెలియనివాడు వేల పేజీలలో ఏమి వెతుకుతాడు? ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నదానిని అర్థం చేసుకొనేది ఎట్లా? అక్కడ కావలసినది దారి చూపే మనిషి. ఆ మనిషి పేరే గ్రంథపాలకుడు.

చట్టంలో ఇందుకు ఆధారాలు లేకపోలేదు. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ప్రతి ప్రచురణ ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీ నగరాలలోని మూడు గ్రంథాలయాలకు పంపాలి. ఇది ప్రభుత్వ ప్రచురణలకు కూడా వర్తిస్తుంది. కేవలం కార్యాలయ అవసరాలకు ఉద్దేశించిన వాటికే మినహాయింపు. ఆ నాలుగింటిలో తెలుగునేల మీద ఒక్కటీ లేదు. కర్నూలు మనిషి చెన్నై వెళ్ళాలా? ఆదిలాబాద్ మనిషి ముంబై వెళ్ళాలా? అమెరికాలో 1813 నుంచే ప్రభుత్వ ప్రచురణలను రాజధాని బయటి సంస్థలకు పంపిణీ చేసే పద్ధతి ఉన్నది. నేడు అక్కడ వెయ్యికి పైగా గ్రంథాలయాలు వాటిని ఉచితంగా స్వీకరిస్తాయి. ప్రతిఫలంగా, వచ్చిన ప్రతి మనిషికీ రుసుము లేకుండా చూపాలన్నదే నిబంధన.

మన సమాచార హక్కు చట్టం, 2005 ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఎవరూ అడగకుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన వివరాలను ప్రకటించాలని 4వ సెక్షన్ చెబుతున్నది. పౌరులకు గ్రంథాలయం గాని, పఠన మందిరం గాని ఉంటే దాని పనివేళలను తెలపాలని కూడా అందులోనే ఉన్నది. సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో ఉంచుకొని అందించాలని ఉన్నది. తెలుగు మన రాష్ట్రాల అధికార భాష. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉర్దూ రెండవ అధికార భాష. ఇక లోపించినది ఆచరణ.

హైదరాబాదులోని అసఫియా గ్రంథాలయాన్ని గుర్తు చేసుకుందాం. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ చొరవతో ఏర్పడిన ఆ సంస్థే తరువాత రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. తెలుగునాట అయ్యంకి వెంకట రమణయ్య వంటివారు గ్రంథాలయాన్ని ఉద్యమంగా నడిపారు. ఆ రెండు వారసత్వాలూ మనవే. పైగా ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమందరం చెల్లిస్తున్నాం. కనుక నేను చెప్పబోయేవి దానం కోరడం కాదు, చెల్లించినదానికి లెక్క అడగడం.

మొదటిది, ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ప్రభుత్వ ప్రచురణలకు ప్రత్యేక విభాగం ఉండాలి. రాష్ట్ర గెజెట్, జిల్లా గెజెట్, జనాభా లెక్కల జిల్లా సంపుటం, ఆ జిల్లా వక్ఫ్ ఆస్తుల జాబితా అక్కడ తప్పనిసరిగా ఉండాలి. రెండవది, మండల గ్రంథాలయాలకు కనీసం సంక్షేమ, విద్యా శాఖల జీవోలు, రిజర్వేషన్ షెడ్యూళ్ళు, ఉపకార వేతనాల నిబంధనలు తెలుగు, ఉర్దూ భాషలలో చేరాలి. మూడవది, చట్టసభ ముందు ఉంచిన ప్రతి కమిషన్ నివేదిక ప్రతి అదే నెలలో గ్రంథాలయాలకు వెళ్ళాలి. నాల్గవది, పాత గెజెట్లను చెదల పాలు కాకముందే స్కాన్ చేయించి, ఊరి పేరుతో వెతికే సూచిక తయారు చేయించాలి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయదగినదీ ఉన్నది. ప్రతి మసీదు కమిటీ తన ఆస్తికి సంబంధించిన గెజెట్ తేదీని, పేజీని, సర్వే నంబరును ఒక పుస్తకంలో రాసుకొని, నకలు ఒకటి స్థానిక గ్రంథాలయంలో ఉంచవచ్చు. చదువుకున్న యువతీయువకులు వారానికి ఒక సాయంత్రం గ్రంథాలయంలో కూర్చొని, వచ్చినవారికి జీవో చదివి చెప్పవచ్చు. వచ్చినవారు ఏ మతస్థులని అడగవలసిన పని లేదు. పింఛను నిబంధన తెలియని వృద్ధురాలికి, పట్టా నంబరు దొరకని రైతుకు కూడా అదే బల్ల, అదే దీపం.

మొదట చెప్పిన ఆ ఇద్దరు పెద్దమనుషులలో ఒకరు ఇప్పుడు లేరు. కంచె వేయని భాగంలోనే ఆయనను ఖననం చేశారు. ఆ గెజెట్ పేజీ నకలును ఆయన కుమారుడు ఇనుప పెట్టెలో దాచుకున్నాడు. అది అతడి పెట్టెలో మాత్రమే ఉంటే చాలదు. అతడి ఊరి గ్రంథాలయం అల్మారాలో, ఎవరు అడిగినా తీసి చూపేటట్లు ఉండాలి. ఈ వారోత్సవాలు ముగిసేలోగా మీ మండల గ్రంథాలయానికి వెళ్ళి, "గెజెట్ ఉన్నదా?" అని ఒక్కసారి అడగండి. లేదని చెబితే, ఎందుకు లేదని జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక ఉత్తరం రాయండి.