మూత బిగిస్తేనే రంగు నిలుస్తుంది

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో కూర్చుని ఓ చిన్న నమూనా పడవకు రంగు వేయాలంటే, కుంచె కన్నా ముందు చూసుకోవాల్సింది డబ్బాలోని రంగునే. రంగుపొడి బరువుకు అడుక్కి దిగి, పైన తేట మిగులుతుంది. అందుకే పైపైన ఊపితే చాలదు, పుల్లతో అడుగు దాకా కలపాలి. పలచన చేయడానికి ఏ నీళ్లయితేనేం అనవచ్చు. కానీ ఉప్పునీటిలోని లవణాలు రంగును పలుకులు కట్టించవచ్చు, ఆరాక తెల్లటి మరకలు మిగల్చవచ్చు. ఆక్రిలిక్‌కు డిస్టిల్డ్ వాటర్, ఎనామెల్‌కు టర్పెంటైన్ నప్పుతాయి. తీరపు తేమలో రంగు ఎండిపోదులే అనుకోవడమూ పొరపాటే. తేమ ఆరడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. మూత అంచున రంగు పేరుకుంటే గాలి దూరి డబ్బా మొత్తం గట్టిపడుతుంది. అంచు తుడిచి మూత బిగించి, కలిపిన పాళ్లు చుక్కల లెక్కన రాసిపెట్టుకుంటే, రేపు కలిపే రంగు ఇవాళ్టి రంగుకు సరిపోతుంది.