విశ్వకళాపరిషత్తూ, మన సముద్రమూ

హాలండు దేశంలో లైడెన్ అను పట్టణం కలదు. 1574లో స్పానిషు సేనలు దానిని ముట్టడించగా, పురజనులు ఆకలికి మాడిపోతూ కూడ లొంగలేదు. వారి ధైర్యానికి బహుమానంగా విలియం రాకుమారుడు 1575లో అక్కడ విశ్వవిద్యాలయం నెలకొల్పినాడు. పన్నుల మినహాయింపు కావలెనా, విద్యాపీఠం కావలెనా అని అడుగగా, ప్రజలు విద్యాపీఠాన్నే కోరినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ నిజమైనా కాకున్నా అందులోని ఆశయం గొప్పది. ఆ దేశపు వర్తకులే పదునేడవ శతాబ్ది ఆరంభంలో మన తీరానికి దక్షిణపు కొసనున్న పులికాటులో దిగి, బట్టల వ్యాపారం సాగించినారు. వారి ఓడలు మన రేవులను ఎరిగినవి. వారి దేశపు విద్యాపీఠం వంటిది మనకు రావడానికి మాత్రం ఇంకను మూడు వందల యేండ్లు పట్టినది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. కేంద్రస్థానం ఎక్కడ ఉండవలెనన్న వివాదం చాలకాలం నడచి, తుదకు 1930లో వాల్తేరు కొండల నడుమ సముద్రానికి ఎదురుగా అది స్థిరపడినది. ఆ సంవత్సరమే ప్రభుత్వపు దమననీతికి నిరసనగా రెడ్డిగారు పదవిని త్యజించినారు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు, ఆ పిమ్మట 1949 వరకు మరల రెడ్డిగారు దానిని నడిపినారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఏటేటా లక్ష రూపాయలు ఒసగుటకు అంగీకరించిన దానం వలన విజ్ఞాన సాంకేతిక కళాశాల నిలద్రొక్కుకొన్నది. 1942లో విశాఖపై జపాను బాంబులు పడిన తరువాత పరిషత్తు గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిసిన పిమ్మట తన గూటికి చేరుకొన్నది.

భవనాల కన్న మనుష్యులే విద్యాపీఠానికి బలం. రాధాకృష్ణగారు హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు వంటి యువకులను దేశం నలుమూలల నుండి రప్పించినారు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతంగారు, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రిగారు పరిశోధనకు పునాదులు వేసినారు. ఇక్కడ గణితంలో ఎం.ఏ. పట్టం పొందిన సి.ఆర్. రావుగారు 1945లో ప్రకటించిన ఒక పరిశోధన పత్రానికి, తమ నూట రెండవ ఏట, 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం లభించినది. విద్యకు పెట్టిన పెట్టుబడి ఎంత కాలానికి పండునో దీనివలన తెలియుచున్నది.

ఇక నెల్లూరు తీరపు వారమైన మనకు ప్రత్యేకంగా చెందిన విషయం ఒకటి కలదు. 1952 ప్రాంతంలో యూజీన్ లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్తేరుకు ఆచార్యుడుగా వచ్చి, అక్కడి విద్యార్థులతో బంగాళాఖాతాన్ని కొలువనారంభించినాడు. ఏ లోతున నీరు ఎంత చల్లగా ఉన్నది, ఉప్పు ఎంత ఉన్నది, ఏ నెలలో ప్రవాహం ఎటు సాగుచున్నది అన్నవి వారు విచారించిన ప్రశ్నలు. వేసవికి ముందు నైరుతి గాలి తీరం వెంబడి వీచునపుడు, భూభ్రమణం వలన పైనీరు గాలికి కుడివైపునకు, అనగా సముద్రం లోపలికి, తొలగిపోవును. ఆ ఖాళీని పూరించుటకు అడుగు నుండి చల్లని నీరు పైకి వచ్చును. ఆ నీటిలోని లవణాలే సూక్ష్మజీవులకు ఎరువు. సూక్ష్మజీవులే చేపలకు మేత. ఏ కాలంలో వల బరువెక్కునో తాతముత్తాతల నుండి ఎరిగిన మన పట్టపువారికి, దాని కారణంలో కొంత ఈ కొలతలు చెప్పగలిగినవి.

మన తూర్పు తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో కనుగొన్న మూడు లోయలకు లాఫాండ్ పేర్లు పెట్టినాడు. ఒకటి పరిషత్తు పేర ఆంధ్ర. ఒకటి భూగర్భశాస్త్ర ఆచార్యులైన సి. మహదేవన్ గారి పేర మహదేవన్. మూడవది అప్పటి ఉపాధ్యక్షులు వి.ఎస్. కృష్ణగారి పేర కృష్ణ. ఒక విద్యాపీఠం పేరు సముద్రపు అడుగున కూడ నిలుచుట అరుదైన గౌరవం.

అయితే ఈ గౌరవంతో తృప్తి పడవచ్చునా? 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన పెనుతుఫాను మన జిల్లాను అతలాకుతలం చేసినది. 2004 డిసెంబరు సునామీ మన పల్లెలనూ తాకినది. సముద్రశాస్త్రం మనకు వేడుక కాదు, ప్రాణావసరం. వాల్తేరు మనకు దూరం. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసినపుడు ఆ దూరం కొంత తగ్గినది. 2008లో నెల్లూరులోనే విక్రమసింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడినది. తిక్కన నడయాడిన నగరం పేరు దానికి అమరినది. సముద్రజీవశాస్త్రం దాని పాఠ్యవిషయాలలో ఒకటి. 1999లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రం చేపలు దొరకు తావులను, అలల ఎత్తును గురించిన సూచనలను వెలువరించుచున్నది.

ఇక మిగిలినది ఒక అడుగే. మైపాడులోనో, తుమ్మలపెంటలోనో వేటకు పోవు ఇంటి బిడ్డ ఆ తరగతిగదిలో కూర్చుండవలె. తండ్రికి గాలి వాసన తెలియును. బిడ్డకు గాలి లెక్క తెలియవలె. ఆ రెండు తెలివులూ ఒక ఇంట కలసిన నాడు తుఫాను హెచ్చరిక పరాయి మాటగా వినబడదు. లైడెన్ పౌరులు పన్నుల మినహాయింపును కాదని విద్యాపీఠాన్ని కోరుకొన్నారన్న కథ మనకు చెప్పునది కూడ ఇదియే: విద్యాపీఠం ఊరికి అలంకారం కాదు, ఊరి రక్షణ. మీ ఇంట చదువు ముగించి ఏ విద్య నేర్తునా అని ఆలోచించు పిల్లలుంటే, మన ఎదుటనే ఉన్న ఈ సముద్రాన్ని గురించి వారితో ఒక మాట చెప్పండి.