ఆశా కార్యకర్త వచ్చే పూట తండ్రి ఇంట ఉండాలి

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో విస్తరణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము మీ ముందుకు వచ్చినప్పుడల్లా దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో, వెన్న శాతం గురించో మాట్లాడుతుంటాము. ఈ రోజు పసిబిడ్డల గురించి, ముఖ్యంగా వారి తండ్రుల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. పాల సంఘానికి ఈ సంగతితో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. దయచేసి పూర్తిగా వినండి.

గేదె ఎప్పుడు చూడి కట్టిందని అడిగితే మన రైతు సోదరులు తేదీతో సహా చెబుతారు. ఈనే రాత్రి కొట్టంలోనే పడుకుంటారు. దూడకు గంట లోపల ముర్రుపాలు తాగించాలని వారికి ఒకరు చెప్పనక్కరలేదు. అదే రైతును, "మీ బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త ఏ రోజు వస్తుంది?" అని అడగండి. "అది ఆడవాళ్ళకే తెలుసు" అంటారు. బిడ్డ మీద ప్రేమ లేక కాదు. రమ్మని, కూర్చోమని ఆయనను పిలిచినవారు లేరు.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నవజాత శిశువులను చూసే కార్యక్రమం మన దేశంలో 2011లో మొదలయింది. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆరుసార్లు వస్తారు. ఇంటి వద్ద కాన్పు అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. 2018 నుండి 3, 6, 9, 12, 15 నెలలకు కూడా రావడం చేర్చారు. బిడ్డను తూకం వేస్తారు, జ్వరం చూస్తారు, ఊపిరి లెక్కపెడతారు, పాలు తాగే తీరు చూస్తారు.

ఈ పద్ధతికి దారి చూపింది ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకే శిక్షణ ఇచ్చి 39 గ్రామాలలో నడిపారు. మూడవ ఏటికి, పోల్చి చూసిన గ్రామాల కంటే నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. ఇంటికి వచ్చి చూడడంలో అంత బలం ఉన్నది.

అయితే ఆ చెప్పే మాటలు తల్లి, అమ్మమ్మ, నాయనమ్మలే వింటున్నారు. ఆ వేళకు తండ్రి పాలకేంద్రంలోనో పొలంలోనో ఉంటారు. బిడ్డ పాలు పట్టకపోయినా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం వచ్చినా, నిమిషానికి 60 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. బండి పిలవడం, డబ్బు చేతికివ్వడం చాలా ఇళ్ళలో మగవారి చేతిలోనే ఉన్నది. ఈ గుర్తులు తెలియని తండ్రి "తెల్లారి చూద్దాం" అంటారు. పసిగుడ్డుకు ఒక్క రాత్రి చాలా ఎక్కువ. తెలిసిన తండ్రి 108కి ఫోను చేస్తారు.

తొలి కాన్పు పుట్టింట్లో కదా, మేమెట్లా ఉండగలమని మీరు అడగవచ్చు. బారసాల 21వ రోజున చేసేవారు ఎందరో ఉన్నారు. ఆశా రావలసినదీ ఆ రోజే. ఆ పూట భోజనాల హడావిడి కొంచెం ఆపి ఆమె పక్కన కూర్చోండి. గల్ఫ్‌లో ఉన్నవారు ఫోనులోనైనా వినండి. బాలింత అత్తవారింటికి తిరిగి వచ్చాక జరిగే సందర్శనలన్నీ మీ గడపలోనే.

తండ్రి చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. బరువు తక్కువ పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచుతారు. ఆమె అలసినప్పుడు తండ్రి ఛాతీ మీదా అలాగే ఉంచవచ్చు. మరొకటి మన పాడి ఇళ్ళ సంగతి. బాలింత నడుము కట్టుకుని పేడ ఎత్తడానికీ, పాలు పితకడానికీ త్వరగా లేస్తుంది. ఆ పని కొన్నాళ్ళు మీరు అందుకుంటే బిడ్డకు తల్లిపాలు తీరికగా దొరుకుతాయి.

పాలు అమ్మే సంస్థగా ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే. మీ గేదె పాలైనా, మన ప్యాకెట్ పాలైనా, నీళ్ళు కలిపినా కలపకున్నా పట్టరాదు. దూడ కోసం తయారైన పాలలోని మాంసకృత్తులు, లవణాలు పసివారి మూత్రపిండాలకు భారం. తేనె, ఆముదం, పంచదార నీళ్ళు కూడా వద్దు. డాక్టరు వేరుగా చెబితే అది వేరు.

ఒక హెచ్చరిక. తండ్రి కూర్చోవాలంటే తల్లి నోరు మూసుకోవాలని కాదు. ఆమె ఆశాతో ఒంటరిగా చెప్పుకునే మాటలు ఉంటాయి. వినవలసినవి విని, కాసేపు లేచి బయటకు రండి.

సంఘాలకు మా మనవి ఇది. కార్యదర్శులు ఊరి ఆశా కార్యకర్తను కలిసి, పురిటి ఇంటివారు ఒప్పుకుంటే ఆ తేదీలు తెలుసుకోవాలి. పాలు పోయడానికి వచ్చిన తండ్రికి ముందురోజే గుర్తుచేయాలి. ఆ ఉదయం ఆయన పాలు ముందుగా కొలిచి ఇంటికి పంపాలి. దీనికి సంఘానికి పైసా ఖర్చు లేదు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాము.